రోడ్డు కన్నా ముందు వాగును గీయండి

నాదర్‌గుల్,
జూన్ 2025

ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ కమిషనర్ గారికి,



మీకూ నాకూ మధ్య ఔటర్ రింగ్ రోడ్డు ఒక్కటే అడ్డం. నేనుండేది దానికి లోపల, నాదర్‌గుల్‌లో. మీరు కట్టబోయే నగరం దానికి అవతల, ఇబ్రహీంపట్నం, మహేశ్వరం, కందుకూరు, యాచారం, కడ్తాల్ వైపు. మొన్న మార్చిలో ఏడు మండలాల్లోని 56 గ్రామాలను, దాదాపు 765 చదరపు కిలోమీటర్ల నేలను ప్రభుత్వం మీ చేతిలో పెట్టింది. పక్క స్థలంలో ఇల్లు లేస్తుంటే, ముగ్గు పోసే రోజునే గోడ ఇవతలివాడు వెళ్లి నీళ్లెటు పోతాయని అడగడం మన వైపు మామూలే. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

నగరం వద్దని రాయడం లేదు. నేనుంటున్న ఇల్లూ ఒకప్పటి జొన్నచేనులోనే ఉంది కాబట్టి ఆ మాట నా నోట రాదు. నాది ఒకటే కోరిక. మాస్టర్ ప్లాన్‌లో రోడ్ల గీతలు పడకముందే వాగుల గీతలు పడాలి. చెరువుల గురించి మాట్లాడేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు, చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక మరీనూ. నేను చెప్పేది చెరువుకీ చెరువుకీ మధ్యనుండే సన్న వాగుల సంగతి, పాటు కాలువల సంగతి. ఏడాదిలో పది నెలలు అవి ఎండి, బండ్లబాటలాగా కనిపిస్తాయి. చాలావాటికి పేర్లు కూడా ఉండవు. సర్వేకి వచ్చినవాళ్లు వాటిలో నిలబడే వాగెక్కడని అడుగుతారు.

ఎండాకాలం నాకు పని ఎక్కువ. పర్యావరణం గురించి నాలుగు మాటలు చెప్పమని ఉగాది దాటగానే పిలుపులు మొదలవుతాయి, జూన్ 5తో ఆగిపోతాయి. జూన్ 6న ఎవరూ పిలవరు. ఇంజినీరింగ్ కాలేజీలు, అపార్ట్‌మెంట్ సంఘాలు, రైతు సంఘాలు, అప్పుడప్పుడూ ఏదో ఒక క్లబ్బు. ఎక్కడికి పోయినా ఒక శాలువా, నల్ల ప్లాస్టిక్ కవర్లో ఒక మొక్క, బల్ల మీద వరసగా అరలీటరు నీళ్ల సీసాలు. ఈసారి పర్యావరణ దినోత్సవానికి ప్లాస్టిక్ కాలుష్యమే అంశమైంది కాబట్టి ఒకచోట నిర్వాహకులు జాగ్రత్తపడి సీసాల మీది లేబుళ్లు మాత్రం పీకేశారు. ఆ సభలో నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాను.

ఈ వేసవిలో ఏ సభకు వెళ్లినా చివరికి చర్చ కంచ గచ్చిబౌలి దగ్గర తేలింది. అక్కడి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం ఆపమని సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న చెప్పింది కదా, పిల్లల నోట అదే మాట. ఒక కుర్రవాడు లేచి, “రికార్డులో అడవి అని లేదు కదా సార్, మరి అది అడవి ఎలా అయింది?” అని అడిగాడు. వెక్కిరింపుగా అడగలేదు, నిజంగానే తెలియక అడిగాడు. రికార్డు ఎవరో రాసింది బాబూ, నేల తనంతట తాను పెరిగింది, రెండూ కలవకపోతే ఏది చూసి నమ్ముతావని నేను తిరిగి అడిగాను. ఇంటికొచ్చాక తట్టింది, మీ 56 గ్రామాల్లోని వాగులన్నిటిదీ ఇదే కథ అని. రికార్డులో గీత ఉండదు. వాన పడ్డ రోజున నీళ్లుంటాయి.

ఏప్రిల్ 12న వనజీవి రామయ్య గారు పోయారు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి మనిషి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మాబోటివాళ్లం వేసవి వస్తే మైకు పట్టుకుంటాం, ఆయన మాత్రం చెట్ల కింద గింజలు ఏరుకునేవారు. వానలు మొదలవగానే రోడ్డు పక్కల, కాలువ గట్ల మీద చల్లేవారు. ఆ తర్వాత నేను మాట్లాడిన ప్రతి సభలోనూ ముందు ఆయన పేరు తలుచుకున్నాను. నా మాటల కన్నా ఆ పేరుకే ఎక్కువ చప్పట్లు పడ్డాయి, అది న్యాయమే.

సభలు పక్కన పెడితే, తిరిగిన ఊళ్లలో మీకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ వెళ్లాను. 1983 నుంచి మహిళా సంఘాలతో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తున్న ప్రాంతం. దాన్ని నడిపించిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు, అయినా సంఘాల ఆడవాళ్ల పని ఆగలేదు. వెదురు బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి విత్తనాలు దాచే పద్ధతి ఇప్పటికీ అక్కడ కళ్లారా చూడొచ్చు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వీళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. ప్రచారం విషయంలో నాకు వీళ్లంటే అసూయ. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెట్టి, ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చుకుని దాదాపు నెలపాటు ఊరూరా తిరుగుతారు. బండి ఆగిన ఊరి రైతులతో మాట్లాడి, వాళ్లు చెప్పింది వింటారు. మీరు జరపబోయే ప్రజాభిప్రాయ సేకరణ సభలను పెద్ద హాల్లో పెట్టకుండా ఇలా ఊరి రచ్చకట్ట దగ్గర పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇంతకన్నా ముఖ్యమైనది కల్పవల్లి. మీ నగరాన్ని నెట్ జీరో నగరం అంటున్నారు కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి.

శ్రీ సత్యసాయి జిల్లాలో, పాత అనంతపురంలో, చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ ఉంది. 1990లో మొదలైంది. దాని అండతో ముష్టికోవెల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బోడికొండలను వేల ఎకరాల్లో మళ్లీ పచ్చగా చేసుకున్నారు. మొక్కలు నాటడం అందులో చిన్న భాగం. మంటలు పడకుండా కాపలా కాశారు, గొడ్డలి పడకుండా కట్టడి చేసుకున్నారు, మిగతాది నేల చూసుకుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని సీమలో గడ్డి మోకాలెత్తు లేచింది. వంకల పొడుగునా ఈతచెట్లు తిరిగొచ్చాయి, గీత కార్మికులకు, బుట్టలల్లేవాళ్లకు బతుకుదెరువు దొరికింది. కల్పవల్లి అంటే ఇదంతా.

తర్వాత ఆ కొండల మీదికి గాలిమరలు వచ్చాయి. బొగ్గు కాల్చని కరెంటు, కాగితం మీద ఏ వంకా పెట్టలేని పని, కార్బన్ లెక్కల్లో మంచి మార్కులు. అయితే అంత పొడుగు రెక్కలను కొండ ఎక్కించాలంటే వెడల్పాటి రోడ్లు కావాలి. కొండ వాలును కోసి రోడ్లు వేశారు. గడ్డి పోయింది, మట్టి జారింది, వాన నీళ్లు దిగే దారులు తెగాయి అంటూ అక్కడివాళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఆ గుట్ట మీద నిలబడితే రెండూ కనిపిస్తాయి. పైన తెల్లటి రెక్కలు తిరుగుతుంటాయి, కింద కోసిన మట్టిగోడ ఎర్రగా ఉంటుంది. నేను గాలిమరలకు వ్యతిరేకిని కాను. కార్బన్ లెక్క రాసిన పుస్తకంలో వంక లెక్క రాసే గడి లేకపోవడమే నా బాధ. మీ పుస్తకంలో ఆ గడి ఉందా?

ఇక సరదా తిరుగుడు. మనవలతో రామప్ప వెళ్లాం. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. నీళ్లలో తేలే ఇటుకలు, ఇసుక పునాది, మదనికలు, గైడు అన్నీ చెప్పాడు. పక్కనే ఉన్న చెరువు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. గుడితో పాటు పుట్టిన ఆ చెరువు కింద ఈనాటికీ వరి పండుతోంది. ఊరు, గుడి, చెరువు మూడింటినీ కాకతీయులు ఒకే పనిగా చూశారు. చెరువు తవ్వి వదిలెయ్యలేదు, అందులోకి నీళ్లొచ్చే దారిని కూడా కట్టడంలో భాగంగానే లెక్కేశారు. లేకపోతే ఎనిమిది వందల ఏళ్లు నిలిచేది కాదు. పిల్లలు గుడి కన్నా కట్ట మీదే ఎక్కువసేపు ఆడుకున్నారు. ముంజలు తిన్నాం. బొటనవేలితో పొడిస్తే చివ్వున చిమ్మిన నీళ్లు చిన్నవాడి చొక్కా నిండా పడ్డాయి. సెలవు అంటే నాకు అంతే.

ఇప్పుడు మీ హద్దుల్లోకి వస్తాను.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు మీకు తెలిసిందే. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంనాటిది, అంటే హుస్సేన్‌సాగర్ ఈడుది. వేయి ఎకరాలు దాటిన నీటిముంపు. మా వైపువాళ్లు చాలామంది జీవితంలో ఎక్కువ కాలం దాన్ని పశువులు మేసే మైదానంగానే చూశారు. కొన్ని దశాబ్దాల తర్వాత 2022లో నిండి మత్తడి దూకితే చుట్టుపక్కల ఊళ్లన్నీ బండ్లు కట్టుకుని చూడ్డానికి వెళ్లాయి. కట్ట నాలుగున్నర శతాబ్దాలుగా ఉంది. తూమూ ఉంది. మరి అన్నేళ్లు ఎందుకు ఎండింది? వానలు తగ్గాయని అంటారు, బోర్లు పెరిగాయని అంటారు, రెండూ నిజమే. మూడోది ఫిరంగి నాలా.

నిజాం కాలంలో షాబాద్ మండలం చందనవెల్లి దగ్గర మొదలుపెట్టి, శంషాబాద్ వైపునుంచి, దారిలో ఎన్నో చెరువులను నింపుకుంటూ ఇబ్రహీంపట్నం దాకా తవ్విన పాటు కాలువ అది. పదుల కిలోమీటర్ల పొడవు. ఇప్పుడు దాని వెంట నడవడానికి ప్రయత్నించండి. కొంత దూరం కాలువ ఉంటుంది. తర్వాత తుమ్మచెట్లు. తర్వాత పూడిక. తర్వాత ప్లాట్ల రాళ్లు. మిషన్ కాకతీయ కింద బాగుచేయాలని 2015 తర్వాత కదిలారు, చేసినచోట చేశారు. కానీ చెరువుకున్నట్టు కాలువకు ఊరి కాపలా లేదు. చెరువు ఆక్రమిస్తే పేపర్లో ఫొటో పడుతుంది. కాలువలో గజం మట్టి పోస్తే ఎవరికీ పట్టదు. ఆ గజమే ఆ చెరువు ప్రాణం తీస్తుంది.

మే నెలాఖర్లో ఆ చుట్టుపక్కల ఒక ఊళ్లో ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. తాతల నాటినుంచి ఆ ఇంటిది నీరటి పని, తూము ఎత్తడం దించడం, పొలాలకు వంతులు వేయడం. ఇప్పుడు చేయడానికి ఆ పని లేదు, మనిషికి మాత్రం ఊళ్లో ప్రతి అంగుళం ఎరుకే. ఒక వెంచర్ ప్రహరీ పక్కన నిలబెట్టి, వాగు ఎక్కడుండేదో చెప్పమన్నాను. ఆయన గోడ వైపు చూడలేదు.

“గా ఈత చెట్లు సూడు సారూ. ఇగో ఈడొకటి, ఆడ రెండు, గా మోరీ అవతల ఇంకొకటి. ఎవ్వలు నాటినయ్ కావు. వరుసగ ఉన్నయంటే కింద తడి ఉన్నట్టు.”

నిజమే. చూపు సారించి చూస్తే ఈతచెట్లు ఒక వంపు తిరిగిన గీతలాగా గోడ కిందినుంచి దూరి అవతలి ప్లాట్లలోకి వెళ్లాయి. గోడ కట్టినవాళ్లు నీళ్ల కోసం ఒక తూర వేశారు, నా నడుం కన్నా సన్నగా ఉంది. అందులో సగం ఎండుటాకులు, గుట్కా పొట్లాలు. ఈ వాగుకు వెడల్పెంత ఉండేది పెద్దయ్యా అంటే, ఎద్దుల బండి వాగులో దిగి తిరగగలిగినంత అన్నాడు. మీ డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాలు నాకూ ఇష్టమే. కానీ ఈత చెట్ల వరుస చదవగలిగిన మనిషి ఈ 56 గ్రామాల్లో ఊరికొకరో ఇద్దరో మిగిలారు, అందరూ డెబ్బై దాటినవాళ్లే. సర్వే బృందంలో వాళ్లకు రోజు కూలీ కట్టిచ్చి కూర్చోబెట్టుకోండి. కన్సల్టెంటుకు ఇచ్చేదాంతో పోలిస్తే అది చిల్లరే.

నిబంధనల సంగతి మీకు నేను చెప్పాల్సింది కాదు, అయినా చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. 2012 నాటి 168వ జీవో ప్రకారం పది హెక్టార్లు, ఆపై చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్ల బఫర్ వదలాలి. అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు. వాగు, నాలా పది మీటర్ల వెడల్పు దాటితే 9 మీటర్లు. పది మీటర్ల లోపైతే? రెండు మీటర్లు. నేను ఇంతసేపూ చెబుతున్న వాగులన్నీ ఈ చివరి గడిలోవే. రెండు మీటర్లంటే ఒక మంచం అడ్డంగా వేస్తే సరి. అదైనా వాగు అని ముందు ఎవరో గుర్తిస్తేనే. మన నగరాలు పెద్ద చెరువుకు చట్టం రాసి, దాన్ని నింపే నరాలను లేఔటు గీసేవాడి దయకు వదిలాయి.

దయకు వదిలితే ఏమవుతుందో మా మండలం చూసింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కుంభవృష్టి కురిసింది, ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటింది. ఆ వాన వెలిశాక మూడు రోజులకు, 17 రాత్రి మళ్లీ వాన పడి, బాలాపూర్‌లోని గుర్రం చెరువు కట్ట తెగింది. నీళ్లు కిందనున్న హఫీజ్ బాబానగర్ ఇళ్లలోకి దూరాయి. పైచెరువు నిండితే మత్తడి దూకి కిందిచెరువుకు పోవాలి, గొలుసుకట్టు అంటే అదే. మధ్యలో దారి ఇరుకైతే నీళ్లు పైన ఆగుతాయి, కట్ట మీద బరువు పెడతాయి, లేదా దొరికిన గల్లీలోకి దూకుతాయి. వేసవిలో అదే దారి మూసుకుపోవడం వల్ల కిందిచెరువు ఎండుతుంది, బోర్లు దిగుతాయి, ట్యాంకర్లు తిరుగుతాయి. జూన్‌లో మునగడానికీ మార్చిలో ఎండడానికీ కారణం ఒక్కటేనని మీటింగుల్లో చెబితే చాలామంది నమ్మరు. మా కాలనీలో ట్యాంకరు కోసం వాట్సాప్‌లో కొట్లాడుకునే గ్రూపులోనే, వాన పడ్డ రాత్రి సెల్లార్ నీళ్ల ఫొటోలు కూడా వస్తాయి.

నెట్ జీరో మాట కూడా ఇక్కడే తేల్చుకోవాలి. హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు నల్లగొండ జిల్లా అక్కంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా, పల్లం నుంచి మెరకకు, పంపుల మీద పంపులు పెట్టి ఎక్కిస్తున్నవి. ప్రతి బిందె వెనకా కరెంటు ఉంది. మీ నగరంలో పడ్డ వాన మీ కుంటల్లోనే ఇంకితే ఆ కరెంటులో కొంతైనా మిగులుతుంది. దీన్ని మించిన పచ్చ కట్టడం ఏ ఆర్కిటెక్టూ గీయలేడని నా నమ్మకం. మేడ మీద సోలార్ పలకలు తర్వాతైనా బిగించుకోవచ్చు. పూడ్చిన వాగును తర్వాత తవ్వాలంటే ఇళ్లు కూల్చాలి. ఇప్పుడు హైడ్రా చేస్తున్నది ఏమిటి మరి?

రావిర్యాల నుంచి ఆమనగల్లు దాకా 330 అడుగుల రోడ్డు వేస్తున్నారు, 41 కిలోమీటర్ల పైచిలుకు. నా తొందరకు కారణం అదే. అది వెళ్లే దారిలో ఎన్ని వాగులు దాటుతుందో అన్నిచోట్లా మోరీ వేయాలి. మోరీ ఎంత వెడల్పుండాలన్నది ఇప్పుడు నిర్ణయమవుతుంది. ఒకసారి తారు పడ్డాక ఆ మోరీయే ఆ వాగు గొంతు. మీ ఇంజినీర్లు ఎండిన వాగును చూసి కొలత రాస్తే ఒక అంకె వస్తుంది, ఊరి నక్షా, పాత సర్వే పటాలు, ఖాస్రా పహాణీ ముందు పెట్టుకుని, మత్తడి పొడవు కొలిచి రాస్తే ఇంకో అంకె వస్తుంది. ఆ రెండో అంకెను టెండరులోకి ఎక్కించండి. వాగుల పటాన్ని గ్రామపంచాయతీ గోడ మీద తెలుగులో అతికించండి, తప్పులుంటే ఊళ్లోవాళ్లే దిద్దుతారు. చిన్న వాగులకు రెండు మీటర్లు చాలదని మీ సొంత నిబంధనల్లో రాసుకోవడానికి ఏ అడ్డూ లేదు. కొత్త నగరం కదా, పాత నగరం తప్పులు అక్కర్లేదు.

ఈసారి రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలోనే వానలు పడ్డాయి. రుతుపవనాలు కేరళను మే 24నే తాకాయి, వారం తిరక్కుండా మన దగ్గరికి వచ్చేశాయి. అంటే వాగులు ఎక్కడున్నాయో వెతికే పని ఈ ఏడాది సులువు. ఒక మంచి వాన పడ్డ మర్నాడు తెల్లవారి వెళితే నీళ్లే చూపిస్తాయి. మీ కార్యాలయం నుంచి ఇద్దరు సర్వేయర్లను పంపండి, మీరూ వస్తే మరీ సంతోషం. రావిర్యాల దగ్గర కలుసుకుందాం. నీరటి పెద్దాయనను నేను ఒప్పించి తీసుకొస్తాను, ఆయనకు చాయ్‌లో చక్కెర ఎక్కువుండాలి, అంతకుమించి కోరికలేవీ లేవు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పది లోపు మూడు నాలుగు వాగులు చూడొచ్చు. చెప్పులతో రావద్దు, ఆ దారి నిండా తుమ్మముళ్లు.

ఇట్లు,
ఔటర్‌కి ఇవతలి మీ పొరుగువాడు,
నాదర్‌గుల్